కార్తేజ్‌ను ముంచిన ఒప్పందాలు

రోమ్‌లో కాపిటోలిన్ కొండ మీద, జూపిటర్ గుడి పక్కన ఉన్న ఖజానాలో కొన్ని కంచు రేకులు భద్రపరిచి ఉండేవి. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ వాటి గురించి రాశాడు. రోమ్, కార్తేజ్ నగరాల మధ్య కుదిరిన పాత ఒప్పందాలు ఆ రేకుల మీద చెక్కి ఉన్నాయి. వాటిలో మొదటిది ఎంత పాతదంటే, అందులోని లాటిన్ భాష బాగా చదువుకున్న రోమన్లకే సరిగా అర్థమయ్యేది కాదట. పోలీబియస్ లెక్క ప్రకారం అది రోమ్‌లో రాజుల పాలన పోయి రిపబ్లిక్ మొదలైన నాటిది, అంటే క్రీ.పూ. 509 ప్రాంతానిది.

ఈ రెండు నగరాల గురించి మామూలుగా చెప్పుకునే కథలో ఆ రేకుల ప్రస్తావన రాదు. ఆల్ప్స్ కొండలు దాటిన ఏనుగులు, కాన్నే మైదానంలో శవాల గుట్టలు, చివరికి తగలబడిపోయిన కార్తేజ్. వీటితోనే కథ నడిచిపోతుంది. రెండూ పుట్టుకతోనే శత్రువులు, ఒకటి నిలవాలంటే రెండోది పోవాల్సిందే అన్నట్టు ఉంటుంది. కానీ మొదటి ఒప్పందానికీ మొదటి యుద్ధానికీ మధ్య దాదాపు 245 ఏళ్లు గడిచాయి. అంతకాలమూ ఈ రెండు నగరాలు పాత ఒప్పందాలను తిరగరాసుకుంటూ సఖ్యంగానే ఉన్నాయి. పోరు క్రీ.పూ. 264లో మొదలై 146లో ముగిసింది. ఆ 118 ఏళ్లలో కూడా నిజంగా యుద్ధం జరిగింది 43 ఏళ్లే. మిగతా 75 ఏళ్లూ శాంతి ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. కార్తేజ్‌ను యుద్ధభూమిలో ఓడించింది రోమన్ సైన్యమే. అయితే ఒక యుద్ధం నుంచి ఇంకో యుద్ధం పుట్టడానికీ, చివరికి ఆ నగరం ఆనవాలు లేకుండా పోవడానికీ కారణం వెతకాలంటే చూడాల్సింది ఆ ఒప్పందాల్లోని షరతులనూ, వాటిని రోమ్ వాడుకున్న తీరునూ.

సముద్రం మీద గీసిన హద్దు

కార్తేజ్ ఇప్పటి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పక్కన ఉండేది. లెబనాన్ తీరంలోని టైర్ నగరం నుంచి వచ్చిన ఫినీషియన్ వర్తకులు కట్టుకున్న ఊరు అది. పాత రచనలు దాని పుట్టుకను క్రీ.పూ. 814గా, రోమ్ పుట్టుకను 753గా చెబుతాయి. వయసులోనే కాదు, మొదటి రెండు మూడు వందల ఏళ్లు బలంలోనూ కార్తేజ్‌దే పైచేయి. మొదటి ఒప్పందం చదివితే ఆ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

కార్తేజ్ దగ్గర సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒక కొండకొమ్మును హద్దుగా పెట్టారు. రోమన్ నౌకలు దాన్ని దాటి పోకూడదు. తుపాను వల్లనో, శత్రువులు తరమడం వల్లనో దాటాల్సి వస్తే, నౌకను బాగు చేసుకోవడానికీ దేవుడికి బలి ఇవ్వడానికీ అవసరమైనవి తప్ప మరేమీ కొనకూడదు, ఐదు రోజుల్లో వెళ్లిపోవాలి. ఆఫ్రికా తీరంలో గానీ సార్డీనియా దీవిలో గానీ వ్యాపారం చేసే రోమన్లు ప్రభుత్వ ఉద్యోగి ఎదుటే బేరం కుదుర్చుకోవాలి. అలా అమ్మిన సరుకుకు డబ్బు చేతికి అందేలా అక్కడి ప్రభుత్వమే పూచీ పడుతుంది. సిసిలీ దీవిలో కార్తేజ్ ఏలుబడిలో ఉన్న చోట్ల రోమన్లకు మిగతావాళ్లతో సమానంగా హక్కులుంటాయి. దీనికి బదులుగా కార్తేజ్ వాళ్లు రోమ్ చుట్టుపక్కల లాటిన్ ఊళ్ల జోలికి పోకూడదు, అక్కడ కోట కట్టకూడదు, ఆయుధాలతో దిగితే రాత్రి బస చేయకూడదు.

విదేశీ వర్తకుడి బాకీకి ప్రభుత్వం హామీ ఉండటం రెండున్నర వేల ఏళ్ల కిందటి సంగతి అంటే ఇప్పుడు చదివినా ఆశ్చర్యమే. పోలీబియస్ చెప్పిన తేదీని కొందరు పండితులు నమ్మేవారు కాదు. అయితే 1964లో రోమ్‌కు ఉత్తరాన పిర్గీ అనే పాత రేవులో మూడు బంగారు రేకులు దొరికాయి. క్రీ.పూ. 500 ప్రాంతంలో అక్కడి రాజు ఒకరు ఫినీషియన్ దేవత అస్తార్తేకు గుడి సమర్పించిన శాసనం వాటి మీద ఎట్రుస్కన్, ఫినీషియన్ భాషల్లో ఉంది. ఆ రోజుల్లోనే ఇటలీ పడమటి తీరంలో ఫినీషియన్లకు ఇంత పరపతి ఉందంటే, రోమ్‌తో ఒప్పందం కుదరడంలో వింతేమీ లేదు.

క్రీ.పూ. 348లో ఒప్పందాన్ని తిరగరాశారు. ఈసారి సార్డీనియా, ఆఫ్రికాల్లో రోమన్ల వ్యాపారాన్ని పూర్తిగా ఆపేశారు. స్పెయిన్ వైపు కూడా ఒక హద్దు చేరింది. 279 ప్రాంతంలో మూడోసారి కూర్చున్నారు. అప్పుడు గ్రీకు రాజ్యం ఎపిరస్ రాజు పిర్రస్ ఇటలీలో దిగి రోమ్‌ను ఓడిస్తున్నాడు, సిసిలీ మీద కూడా కన్నేశాడు. ఎవరికి అవసరమైనా రెండోవారు సాయం చేయవచ్చని, నౌకలు మాత్రం కార్తేజే ఇవ్వాలని రాసుకున్నారు. కార్తేజ్ నౌకాదళాధిపతి ఒకరు వందకు పైగా నౌకలతో రోమ్ రేవు దాకా వచ్చి సాయం చేస్తామన్నాడు కూడా. పదిహేనేళ్లు తిరగకుండానే వీళ్లిద్దరూ ఒకరినొకరు చంపుకుంటారని ఆ రోజు అక్కడున్న ఎవరూ అనుకుని ఉండరు.

ఈ ఒప్పందాలు అంతకాలం నిలబడటానికి కారణం ఆ పాలకుల మంచితనం అనుకోనక్కర్లేదు. కార్తేజ్‌కు కావాల్సినవి రేవులు, దీవులు, సముద్ర మార్గాలు. రోమ్‌కు కావాల్సింది ఇటలీలో భూమి, సైన్యానికి మనుషులు. ఒకరి పనికి ఇంకొకరు అడ్డు కాలేదు. ఎవరు ఎక్కడిదాకా రావచ్చో ఇద్దరికీ తెలుసు. పిర్రస్ వెళ్లిపోయాక, దక్షిణ ఇటలీ అంతా రోమ్ చేతికి వచ్చాక ఈ పరిస్థితి మారిపోయింది. ఇటలీ కొసన నిలబడితే మూడు నాలుగు కిలోమీటర్ల జలసంధికి అవతల సిసిలీ కంటికి కనిపిస్తుంది.

మెస్సానా నుంచి సార్డీనియా దాకా

ఆ జలసంధి ఒడ్డున సిసిలీ వైపు ఉన్న ఊరు మెస్సానా, ఇప్పటి మెస్సీనా. మామెర్టైన్లు అనే కిరాయి సైనికుల ముఠా ఒకటి ఆ ఊళ్లో మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, ఆస్తులను పంచుకుని అక్కడే కాపురం పెట్టింది. సిసిలీలోని గ్రీకు నగరం సిరాక్యూజ్ పాలకుడు హియెరో వాళ్లను చావుదెబ్బ కొట్టాక, వాళ్లలో కొందరు కార్తేజ్‌ను, కొందరు రోమ్‌ను సాయం అడిగారు. కార్తేజ్ సైనికులు ముందు వచ్చి కోటలో దిగారు. రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ ఎటూ తేల్చుకోలేకపోయింది. ఎందుకంటే కొన్నేళ్ల కిందటే జలసంధికి ఇవతల రేజియం ఊళ్లో ఇలాంటి పనే చేసిన తమ సొంత సైనికులు 300 మందిని రోమ్ నడిబొడ్డున తలలు నరికించింది. ఇప్పుడు అవతలి గట్టున అదే పని చేసినవాళ్లకు అండగా ఎలా నిలబడాలి? సెనేట్ తేల్చలేని సంగతిని ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పాలకులు, అంటే కాన్సుళ్లు, ప్రజాసభ ముందు పెట్టారు. దోపిడీ సొమ్ము దండిగా దొరుకుతుందని ఆశ చూపించారు. సభ సరేనంది. క్రీ.పూ. 264లో అలా మొదలైంది మొదటి ప్యూనిక్ యుద్ధం. ప్యూనిక్ అంటే ఫినీషియన్ అని, రోమన్లు కార్తేజ్ వాళ్లను పిలిచిన పేరు.

రోమన్లు సిసిలీలో అడుగు పెట్టకూడదనే ఒప్పందం ఒకటి ఉండేదని, దాన్ని వాళ్లు తుంగలో తొక్కారని సిసిలీ చరిత్రకారుడు ఫిలైనస్ రాశాడు. పోలీబియస్ దీన్ని గట్టిగా ఖండించాడు. అలాంటి రేకు ఖజానాలో లేదన్నాడు. అదే సమయంలో, మామెర్టైన్ల లాంటి వాళ్లను మిత్రులుగా చేర్చుకున్నందుకు రోమ్‌ను తప్పుపట్టవచ్చని కూడా ఒప్పుకున్నాడు. ఆయన రోమన్ పెద్దల ఇళ్లలో మెలిగిన మనిషి, వాళ్లంటే అభిమానం ఉన్నవాడు. అలాంటివాడు కూడా అక్కడక్కడా రోమ్ తప్పును దాచకుండా చెప్పడం వల్లే ఆయన మాటకు ఇంత విలువ.

యుద్ధం 23 ఏళ్లు సాగింది. సముద్ర యుద్ధం తెలియని రోమన్లు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కార్తేజ్ నౌకను నమూనాగా పెట్టుకుని వంద పెద్ద నౌకలు కట్టారు. తెడ్డు వేసేవాళ్లకు నేల మీదే బల్లల మీద కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. క్రీ.పూ. 255లో తుపానుకు చిక్కి 364 నౌకల్లో 80 మాత్రమే మిగిలాయి. మళ్లీ కట్టారు, మళ్లీ పోయాయి. మొత్తం మీద రోమ్ 700, కార్తేజ్ 500 పెద్ద నౌకలు పోగొట్టుకున్నాయని పోలీబియస్ లెక్క. చివరి దళానికి రోమ్ ఖజానాలో డబ్బు లేక, ధనవంతులు సొంత సొమ్ముతో 200 నౌకలు కట్టించి ఇచ్చారు. క్రీ.పూ. 241 మార్చిలో సిసిలీ పడమటి కొసన ఏగేట్స్ దీవుల దగ్గర ఆ దళం గెలిచింది. ఆ పోరులో మునిగిన నౌకల కంచు ముక్కులు, శత్రు నౌకను పొడవడానికి ముందు భాగాన బిగించేవి, గత ఇరవై ఏళ్లుగా సముద్రం అడుగు నుంచి ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. వాటిలో చాలావాటి మీద వాటిని ఆమోదించిన రోమన్ అధికారుల పేర్లు లాటిన్‌లో పోతపోసి ఉన్నాయి.

ఇక ఒప్పందం. రోమన్ కాన్సుల్ లుటేషియస్, కార్తేజ్ సేనాని హమిల్కార్ బార్కా కూర్చుని మాట్లాడుకున్నారు. కార్తేజ్ సిసిలీ వదిలిపెట్టాలి, బందీలను ఊరికే విడుదల చేయాలి, 20 ఏళ్లలో 2,200 టాలెంట్ల వెండి కట్టాలి. ఒక్కో టాలెంట్ అంటే సుమారు 26 కిలోలు. అయితే రోమ్ ప్రజాసభ ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. మా ఆమోదం లేకుండా కాన్సుల్ సంతకం చెల్లదంది. పదిమంది ప్రతినిధులు వెళ్లి మరో వెయ్యి టాలెంట్లు పెంచారు, గడువును పదేళ్లకు తగ్గించారు, ఇటలీకీ సిసిలీకీ మధ్య ఉన్న చిన్న దీవులను కూడా అడిగారు. సేనాని చేసిన ఒప్పందం ప్రజల ఆమోదం లేకపోతే చెల్లదన్న ఈ పద్ధతి గుర్తుంచుకోవాల్సింది. ఇరవై ఏళ్ల తర్వాత కార్తేజ్ దీన్నే రోమ్‌కు అప్పజెబుతుంది.

ఖజానా ఖాళీ అయిన కార్తేజ్, సిసిలీ నుంచి తిరిగొచ్చిన 20,000 మంది కిరాయి సైనికుల జీతాల్లో కోత పెట్టబోయింది. వాళ్లు తిరగబడ్డారు. యుద్ధకాలంలో పంటలో సగం పన్నుగా లాక్కున్నారన్న కడుపుమంటతో ఉన్న లిబియన్ రైతులు వాళ్లతో కలిశారు. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి తిరుగుబాటు నిధికి ఇచ్చారు. మూడేళ్లకు పైగా సాగిన ఆ పోరులో రెండు వైపులా జరిగిన క్రూరత్వం చదవడానికే భయమేస్తుంది. అప్పుడు రోమ్ మొదట చాలా హుందాగా నడుచుకుంది. తిరుగుబాటుదారులకు సరుకులు అమ్మవద్దని తన వర్తకులను ఆపింది. మిగిలిన కార్తేజ్ బందీలను వదిలేసింది. సార్డీనియాలో తిరగబడ్డ సైనికులు వచ్చి దీవిని తీసుకోమన్నా కాదంది. కార్తేజ్‌కు దగ్గర్లోని ఉటికా నగరం తనంతట తాను చేతికి వస్తానన్నా ఒప్పందానికి కట్టుబడి వద్దంది.

క్రీ.పూ. 238 ప్రాంతంలో ఆ సైనికులే మళ్లీ అడిగినప్పుడు మాత్రం సరేనంది. అప్పటికి కార్తేజ్ తిరుగుబాటును అణచి సార్డీనియాను తిరిగి తీసుకోవడానికి నౌకలు సిద్ధం చేసుకుంటోంది. ఆ సన్నాహం తమ మీదికేనని చెప్పి రోమ్ యుద్ధం ప్రకటించింది. ఇంకో యుద్ధం చేసే ఓపిక కార్తేజ్‌కు ఎక్కడిది? సార్డీనియాను వదులుకుంది, పైగా 1,200 టాలెంట్లు అదనంగా కట్టింది. 241 ఒప్పందంలో సార్డీనియా ఊసే లేదు. ఇది ఏ న్యాయానికీ అందని పని, దీనికి సాకు కూడా దొరకదు అని పోలీబియస్ తేల్చి రాశాడు.

ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు ఇదే. సిసిలీ పోవడం యుద్ధంలో ఓటమి. అలాంటి ఓటమిని ఏ రాజ్యమైనా ఎంతో కొంత కాలానికి దిగమింగుకుంటుంది. ఒప్పందం రాసుకున్నాక, అవతలివాళ్లు డబ్బు కట్టుకుంటూ కష్టంలో ఉన్న సమయంలో ఒక దీవిని లాక్కోవడం వేరు. ఒప్పందానికి కట్టుబడితే రక్షణ ఉంటుందన్న నమ్మకం కార్తేజ్‌లో అక్కడితో పోయింది.

ఎబ్రో నది, సగుంటమ్

క్రీ.పూ. 237లో హమిల్కార్ తొమ్మిదేళ్ల కొడుకు హన్నిబాల్‌ను వెంటపెట్టుకుని స్పెయిన్ వెళ్లాడు. అక్కడ వెండి గనులున్నాయి. ఏం చేస్తున్నావని అడగడానికి రోమన్ దూతలు వస్తే, మీకు కట్టాల్సిన బాకీ కోసమే ఈ పోరాటం అని జవాబు చెప్పాడంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ వెండితోనే బాకీ తీరింది, ఆ వెండితోనే కొత్త సైన్యమూ తయారైంది. హమిల్కార్ చనిపోయాక అల్లుడు హస్ద్రుబాల్ కొత్త కార్తేజ్ నగరం కట్టాడు. ఇప్పటి కార్టహేనా అదే. క్రీ.పూ. 226లో రోమ్ అతనితో చిన్న ఒప్పందం చేసుకుంది: కార్తేజ్ సైన్యం ఎబ్రో నది దాటకూడదు. అప్పుడు రోమ్‌కు ఉత్తరాన గాల్ తెగల దండయాత్ర భయం ఉంది, స్పెయిన్‌లో ఇంకో గొడవ వద్దనుకుంది.

సగుంటమ్ ఊరు ఎబ్రోకు బాగా దక్షిణాన ఉంది, అంటే కార్తేజ్ వైపున. అయినా ఆ ఊరితో రోమ్ స్నేహం కలుపుకుంది. హస్ద్రుబాల్ హత్య తర్వాత సేనాని అయిన హన్నిబాల్ క్రీ.పూ. 219లో దాన్ని ముట్టడించాడు. ఎనిమిది నెలల పాటు ఆ ఊరు రోమ్ సాయం కోసం ఎదురుచూసింది. రోమ్ నుంచి ఒక్క సైనికుడు కూడా రాలేదు. ఊరు పడిపోయాక మాత్రం దూతలు కార్తేజ్ వెళ్లి హన్నిబాల్‌ను అప్పగించమన్నారు.

అక్కడ జరిగిన వాదన చాలా విలువైనది. కార్తేజ్ పెద్దలు 241 ఒప్పందాన్ని తెప్పించి పదే పదే చదివి వినిపించారు. ఇరువైపుల మిత్రుల మీద దాడి చేయకూడదని ఉంది, నిజమే. అయితే అప్పటికి సగుంటమ్ మీ మిత్రుల్లో లేదు కదా అన్నారు. ఎబ్రో ఒప్పందం సంగతి ఎత్తితే, అది మా ఆమోదం లేకుండా హస్ద్రుబాల్ చేసుకున్నది, మాకు వర్తించదన్నారు. లుటేషియస్ చేసిన ఒప్పందాన్ని మీ ప్రజాసభ ఇలాగే కదా తోసిపుచ్చింది అని గుర్తు చేశారు. రోమన్ దూతల దగ్గర దానికి సూటి జవాబు లేదు. వాదన వినడానికి రాలేదన్నారు. వాళ్లలో పెద్దాయన తన అంగీ మడత పట్టుకుని, ఇందులో యుద్ధమూ ఉంది, శాంతీ ఉంది, ఏది కావాలో చెప్పండన్నాడు. మీ ఇష్టం అన్నారు వీళ్లు. యుద్ధం అన్నాడాయన. సరే తీసుకుంటున్నాం అని సభ కేకలు పెట్టింది.

ఎవరిది తప్పు? పోలీబియస్ తీర్పు సూటిగా ఉంటుంది. సగుంటమ్‌ను కారణంగా తీసుకుంటే తప్పు కార్తేజ్‌ది. సార్డీనియాను లాక్కోవడం, ఆ అదనపు సొమ్ము గుంజడం కారణంగా తీసుకుంటే కార్తేజ్ పోరాటంలో న్యాయం ఉంది. ఈ రెండో మాటే నిజానికి దగ్గరగా ఉంది. చిక్కంతా హన్నిబాల్ ఎంచుకున్న సందర్భంలో వచ్చింది. సార్డీనియా అన్యాయాన్ని ముందుపెట్టి యుద్ధానికి దిగి ఉంటే అతని పక్షానికి లోకంలో మద్దతు దొరికేది. సగుంటమ్ వల్ల, అసలు దోషి రోమ్ అన్న సంగతి మరుగున పడిపోయింది.

హన్నిబాల్ కోరుకున్నదేమిటి?

రెండో యుద్ధం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చాలు. హన్నిబాల్ ఆల్ప్స్ దిగేసరికి అతని దగ్గర 20,000 కాలిబలం, 6,000 గుర్రపు రౌతులు మిగిలారు. ఈ లెక్క అతను స్వయంగా దక్షిణ ఇటలీలోని గుడిలో చెక్కించిన శాసనం నుంచి పోలీబియస్ తీసుకున్నది. ట్రెబియా, ట్రాసిమీన్, కాన్నే. వరుసగా మూడు విజయాలు. క్రీ.పూ. 216 ఆగస్టు 2న కాన్నేలో చచ్చిపోయిన రోమన్ల సంఖ్యను రోమన్ చరిత్రకారుడు లివీ 48,000 దగ్గరగా చెబితే, పోలీబియస్ 70,000 అంటాడు. 80 మంది దాకా సెనేట్ స్థాయి మనుషులు ఒక్క మధ్యాహ్నంలో పోయారు.

ఆ మర్నాడే హన్నిబాల్ రోమ్ మీదికి ఎందుకు పోలేదన్న ప్రశ్న ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. దానికి మంచి జవాబు అతను రాసుకున్న ఒప్పందాల్లోనే దొరుకుతుంది. కాన్నే తర్వాత దక్షిణ ఇటలీలోని కాపువా నగరం అతని వైపు వచ్చింది. ఆ నగరంతో కుదిరిన షరతులు చూడండి: ఏ కార్తేజ్ అధికారికీ కాపువా పౌరుల మీద అధికారం ఉండదు, ఇష్టం లేని వాళ్లను సైన్యంలోకి లాగకూడదు, వాళ్ల చట్టాలు వాళ్లవే. క్రీ.పూ. 215లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్‌తో కుదిరిన ఒప్పందం ఇంకా స్పష్టం. దాన్ని తీసుకెళ్తున్న దూత నౌకను రోమన్లు పట్టుకున్నారు. దాని పాఠం పోలీబియస్ పుస్తకంలో మిగిలింది. యుద్ధంలో గెలిచి, రోమ్ సంధి కోరితే, ఆ సంధిలో ఫిలిప్‌ను కూడా చేర్చాలి. ఏడ్రియాటిక్ తీరంలోని ఫలానా ఊళ్లను రోమ్ వదులుకోవాలి. ఎప్పుడైనా రోమ్ మళ్లీ యుద్ధానికి వస్తే ఇద్దరూ కలిసి ఎదుర్కోవాలి. అంటే గెలిచిన తర్వాత కూడా రోమ్ ఉంటుంది, సంధి చేసుకుంటుంది, మళ్లీ యుద్ధానికి వచ్చే శక్తితో కూడా ఉంటుంది అని హన్నిబాల్ లెక్క వేసుకున్నాడు. అతనికి కావాల్సింది రోమ్‌ను ఇటలీలోని ఒక నగరంగా కుదించడం, 241, 238 నాటి నష్టాన్ని సరిచేసుకోవడం. రోమ్‌ను నేలమట్టం చేయడం అతని పథకంలో లేదు.

అతని అంచనా తప్పింది అవతలి పక్షం గురించి. కాన్నే తర్వాత బందీల విడుదల గురించి మాట్లాడటానికి, వీలైతే సంధి సంగతి కదపడానికి హన్నిబాల్ ఒక దూతను పంపాడు. చీకటి పడేలోపు రోమ్ హద్దు దాటి పొమ్మన్నారు. డబ్బిచ్చి తమ బందీలను విడిపించుకోవడానికి కూడా సెనేట్ ఒప్పుకోలేదు. 8,000 మంది బానిసలను కొని సైన్యంలో చేర్చారు. క్రీ.పూ. 225 నాటి లెక్కల ప్రకారం రోమ్, దాని మిత్రులు కలిపి ఏడు లక్షలకు పైగా కాలిబలాన్ని పోగు చేయగలరు. ఇన్ని లక్షల మందిలో కాన్నే నష్టం ఎంత ఘోరమైనా భర్తీ కాగలిగినదే. మూడు పెద్ద యుద్ధాలు ఓడిన రాజ్యం సంధికి దిగుతుందన్నది ఆనాటి గ్రీకు లోకంలో మామూలు రివాజు. రోమ్‌కు ఆ రివాజు వర్తించలేదు. ఓడిన స్థితిలో సంధి మాట ఎత్తకపోవడం, గెలిచినప్పుడు మాత్రమే షరతులు రాయడం దాని పద్ధతి.

201 ఒప్పందంలోని ఉచ్చు

రోమన్ సేనాని స్కిపియో ఆఫ్రికాలో దిగాక, క్రీ.పూ. 203లో కార్తేజ్ సంధి కోరింది, షరతులు కూడా కుదిరాయి. ఈలోగా తుపానుకు చెల్లాచెదురైన రోమన్ సరుకు నౌకలను కార్తేజ్ వాళ్లు దోచుకున్నారు. నగరంలో తిండి కరువైన మాట నిజమే అయినా అది పచ్చి ఉల్లంఘన, దాన్ని సమర్థించడానికి ఏమీ లేదు. దానికి మూల్యం ఆఫ్రికాలోనే జామా యుద్ధంలో చెల్లించారు. 202లో అక్కడ హన్నిబాల్ ఓడిపోయాక షరతులు మరింత బిగిశాయి. 50 ఏళ్లలో 10,000 టాలెంట్లు, అంటే మొత్తం 260 టన్నుల వెండి. పది తప్ప యుద్ధనౌకలన్నీ అప్పగించాలి. ఏనుగులు ఇచ్చేయాలి, మళ్లీ పెంచకూడదు. 100 మంది కుర్రాళ్లను హామీగా పంపాలి.

ఇవి పైకి కనిపించే షరతులు. అసలు ప్రమాదం ఇంకో రెండింటిలో ఉంది. రోమ్ అనుమతి లేకుండా ఆఫ్రికాలో కూడా కార్తేజ్ యుద్ధం చేయకూడదు. పక్కనున్న నుమిడియా రాజు మసినిస్సాకు, అతని పూర్వీకులకు చెందిన భూములన్నీ తిరిగి ఇవ్వాలి. పూర్వీకుల భూమి ఏది, దాని హద్దులెక్కడ అన్నది తేలకుండా ఉండిపోయింది. ఒకటి చదివితే మామూలుగా ఉంటుంది, రెండూ కలిపి చదివితే ఉచ్చు తెలుస్తుంది. మసినిస్సా ఎక్కడైనా పాగా వేసి ఇది మా తాతలది అనవచ్చు. కార్తేజ్ చేయి ఎత్తకూడదు. రోమ్ దగ్గరికి పోయి మొరపెట్టుకోవాలి.

జరిగింది అదే. దశాబ్దాల పాటు అతను రేవులు, పొలాలు, మైదానాలు కబళిస్తూ పోయాడు. రోమన్ కమిషన్లు వచ్చాయి, చూశాయి, తేల్చకుండా వెళ్లాయి, లేదా మసినిస్సాకే ఇచ్చాయి. తీర్పులు ఎప్పుడూ కార్తేజ్‌కు వ్యతిరేకంగానే వచ్చేవని, న్యాయం ఆ పక్షాన లేక కాదు, అలా తీర్పు చెప్పడమే తమకు లాభమని రోమన్లు అనుకున్నందువల్ల అని పోలీబియస్ రాశాడు.

డబ్బు షరతు వెనుక ఉద్దేశం కూడా ఒక సంఘటనతో బయటపడింది. క్రీ.పూ. 196లో పదవిలోకి వచ్చిన హన్నిబాల్ ఖజానా దోపిడీని అరికట్టి నగరం ఆదాయాన్ని చక్కదిద్దాడు. ఆ మరుసటి ఏడాదే శత్రువుల కుట్రకు దేశం విడిచి పారిపోవాల్సి వచ్చినా, అతను పెట్టిన పద్ధతి పనిచేసింది. 191లో కార్తేజ్ బాకీ మొత్తం ఒకేసారి కట్టేస్తామంది. ఇంకా నలభై ఏళ్ల గడువున్న సొమ్ము. రోమ్ వద్దంది, గడువు వచ్చినప్పుడే తీసుకుంటామంది. అసలు తీరిపోతే మనిషి చేజారిపోతాడని వడ్డీ షావుకారు చేసే పని ఇది.

చివరి వాయిదా 151 ప్రాంతంలో తీరింది. ఆ ముందే ఒక కమిషన్‌తో కార్తేజ్ వెళ్లిన ముసలి సెనేటర్ కేటో, నిండుగా ఉన్న పొలాలను, రేవును, జనాన్ని చూసి బెంబేలెత్తిపోయాడు. తిరిగొచ్చాక ఏ విషయం మీద మాట్లాడినా చివరికి కార్తేజ్ ఉండకూడదన్న మాటతోనే ముగించేవాడు. స్కిపియో నాసికా లాంటి వాళ్లు ఒప్పుకోలేదు, శత్రుభయం ఉంటేనే రోమ్ క్రమశిక్షణతో ఉంటుందన్నారు. సెనేట్ ఎప్పుడో నిర్ణయానికి వచ్చేసిందని, లోకం ముందు చెప్పుకోవడానికి తగిన సాకు కోసం ఆగిందని పోలీబియస్ అంటాడు. ఆ సాకు మసినిస్సా ఇచ్చాడు. అతని దాడులు భరించలేక 150లో కార్తేజ్ ఎదురుదాడి చేసింది, ఓడిపోయింది. రోమ్ అనుమతి లేకుండా యుద్ధం చేయకూడదన్న షరతు ఉల్లంఘన అయ్యింది.

నగరం అన్న మాట లేని హామీ

ఆ తర్వాత జరిగింది ప్రాచీన చరిత్రలోనే అతి దారుణమైన దౌత్యం. క్రీ.పూ. 149లో కార్తేజ్ యుద్ధం లేకుండానే తనను తాను రోమ్‌కు పూర్తిగా అప్పగించుకుంది. సెనేట్ సంతోషించి, మీ స్వేచ్ఛ, మీ చట్టాలు, మీ భూములు, మీ ఆస్తులు మీవే అంది. 300 మంది పెద్దింటి పిల్లలను 30 రోజుల్లో హామీగా పంపాలి, కాన్సుళ్లు ఏం చెబితే అది చేయాలి అని చేర్చింది. నగరం గురించి ఒక్క మాట లేదేమిటని అప్పుడే కొందరికి అనుమానం వచ్చింది. కానీ ఇక వెనక్కి పోయే దారి లేదు. తల్లులు రేవులో గుండెలు బాదుకుంటుండగా పిల్లలు నౌకలెక్కారు. సైన్యంతో ఉటికాలో దిగిన కాన్సుళ్లు ఆయుధాలన్నీ ఇచ్చేయమన్నారు. రెండు లక్షల మందికి సరిపడా ఆయుధాలు, కవచాలు, రెండు వేల రాళ్లు విసిరే యంత్రాలు బండ్ల మీద వచ్చాయని తర్వాతి కాలపు గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. అన్నీ చేతికి వచ్చాక కాన్సుల్ సెన్సోరినస్ అసలు ఆజ్ఞ చదివాడు. నగరాన్ని వదిలేయాలి. సముద్రానికి 80 స్టేడియాల దూరంలో, అంటే 15 కిలోమీటర్ల అవతల, ఎక్కడైనా కట్టుకోవచ్చు. కార్తేజ్ నేలమట్టమవుతుంది. మీ స్వేచ్ఛ, చట్టాలు, ఆస్తులు అలాగే ఉంటాయి, కార్తేజ్ అంటే మీరే కానీ ఈ నేల కాదు అన్నాడు.

సముద్రం మీద బతికే ఊరిని సముద్రానికి దూరం చేయడమంటే చంపడమే. నగరం తలుపులు మూసుకుంది. ఆయుధాలన్నీ అప్పగించిన జనం గుడులను, వీధులను కార్ఖానాలుగా మార్చి రోజుకు 100 డాళ్లు, 300 కత్తులు తయారు చేశారు. యంత్రాలకు తాళ్లు లేకపోతే ఆడవాళ్లు జుట్టు కత్తిరించి ఇచ్చారు. మూడేళ్లు నిలబడ్డారు. క్రీ.పూ. 146 వసంతంలో రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్ సైన్యం లోపలికి చొచ్చుకొచ్చి, ఆరు రోజులు వీధివీధినా, ఇంటింటా పోరాడి కొండ మీది బిర్సా కోటను చేరింది. 50,000 మంది లొంగిపోయి బానిసలయ్యారు. నగరాన్ని తగలబెట్టారు. నేల మీద ఉప్పు చల్లారన్న కథ మాత్రం ప్రాచీన రచనల్లో ఎక్కడా లేదు, అది చాలా తర్వాత పుట్టింది. గ్రంథాలయాల్లోని పుస్తకాలను ఆఫ్రికా రాజులకు ఇచ్చేశారు. వ్యవసాయం మీద కార్తేజ్ రచయిత మాగో రాసిన 28 సంపుటాలను మాత్రం సెనేట్ లాటిన్‌లోకి అనువాదం చేయించింది.

రోమ్ చేసింది మోసమా, కాదా అన్న చర్చ గ్రీకుల మధ్య జోరుగా సాగింది. పోలీబియస్ నాలుగు రకాల అభిప్రాయాలు రాసిపెట్టాడు. పాత శత్రువును వదిలించుకోవడం తెలివైన పని అన్నవాళ్లున్నారు. రోమ్ తన పాత విలువలు వదిలేసి అధికార దాహంలో పడిందన్నవాళ్లున్నారు. మెల్లగా ఒక్కో మాట బయటపెడుతూ నమ్మించి మోసం చేయడం ఎలాంటి యుద్ధనీతి అని అడిగినవాళ్లున్నారు. చివరి అభిప్రాయం లాయరు వాదన: తనను తాను పూర్తిగా అప్పగించుకున్నవాడికి ఇక ఏ హక్కూ మిగలదు, కాబట్టి రోమ్ ఏ మాటా తప్పలేదు. అక్షరం పట్టుకుని చూస్తే ఈ వాదనలో తప్పు దొరకదు, 238 నుంచి రోమ్ నేర్చుకుంటూ వచ్చిన విద్య అదే. రోమన్ల మీద ఎంత గౌరవం ఉన్నా, వాళ్ల పక్కనే నిలబడి కార్తేజ్ తగలబడటం చూసిన పోలీబియస్ ఈ నాలుగింటినీ రాసిపెట్టాడు కానీ ఇది సరైనదని దేన్నీ నొక్కి చెప్పలేదు.

ఆ ఏడాదే సెనేట్ నుంచి పదిమంది వచ్చి కార్తేజ్ భూములను ఆఫ్రికా అనే రోమన్ రాష్ట్రంగా ఏర్పాటు చేశారు. మసినిస్సా అప్పటికే చనిపోయాడు. ఎక్కడిదాకా రోమన్ నేల, ఎక్కడి నుంచి అతని కొడుకుల నుమిడియా అన్నది ఈసారి అస్పష్టంగా వదల్లేదు. ఉత్తరాన టబార్కా తీరం నుంచి తూర్పు తీరం దాకా హద్దు కాలువ తవ్వించారు. యాభై ఏళ్లు కార్తేజ్ బతిమాలినా గీయని హద్దు అది.